అర తులం పైచిలుకు

"అమ్మా, ఆ డబ్బా వద్దు. ఆ బుల్లెట్ తగిలాక విచ్చుకోదు. జింక వెంటనే చావదు, గాయంతో పారిపోయి రాత్రంతా బాధపడుతుంది."

చవగ్గా ఉందని నేను తీసిన తూటాల డబ్బా అది. మా అమ్మాయికి పదమూడేళ్లు.

ఇక్కడ విస్కాన్సిన్‌లో నవంబరులో థాంక్స్‌గివింగ్ పండుగ ముందు శనివారం మొదలై తొమ్మిది రోజులు తుపాకీతో జింకల వేట. రెండేళ్లు వద్దంటే వద్దన్నాను. హంటర్ సేఫ్టీ కోర్సు పాసైనా, స్నేహితురాలి తాతగారు పక్కనే ఉంటారన్నా ఒప్పుకోలేదు. జింకను చంపడం పాపమన్నాను. "మరి ఆదివారం మేక కూర?" అంది. దాని మీద అరిచాను. జవాబు మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.

ఈసారి ఒప్పుకున్నాక తూటాలు నేనే కొంటానన్నాను. ఆ తాతగారు ఇచ్చే రైఫిల్ .243 విన్‌చెస్టర్ అనే తూటా రకానిది, భుజానికి తన్ను తక్కువ. గొట్టం మీద చెక్కిన పేరే డబ్బా మీదా ఉండాలి, దగ్గరి పేరైతే కుదరదు. ఆ తర్వాత బుల్లెట్ బరువు చూడాలి. తేలికవి నక్కల్లాంటి కొయెట్లకు, జింకకు మామూలుగా 100 గ్రెయిన్లు. అంటే ఆరున్నర గ్రాములు, అర తులం పైచిలుకు. మా అమ్మ దుద్దుల జత అంతే తూగేది. అది గుర్తొచ్చి కాసేపు ఆ షెల్ఫు ముందే నిలబడిపోయాను.

అమ్మాయి రాగి తూటాలే కావాలంది. సీసం తగిలినచోట చిట్లి, కంటికి ఆనని తునకలు మాంసంలోకి పోతాయి. రాగి విచ్చుకుంటుంది గానీ అంతగా చెదరదు, బరువు నిలుస్తుంది. అందుకే 85 గ్రెయిన్లయినా సరిపోతుంది. ధర ఎక్కువ. "తినేది మనమే కదమ్మా," అంది. కొన్నాను.

మీ పిల్లలూ అడుగుతుంటే ఒక్కటి చెప్పగలను. వేటకు తీసుకెళ్లే రకంతోనే ముందు కాల్పులు సాధన చేసే రేంజ్‌లో 100 గజాల దూరాన కాల్పించండి. తూటా మారితే గురీ మారుతుంది. పంపాలా వద్దా అన్నది నన్నడక్కండి. అది చెప్పింది న్యాయమని ఒప్పుకున్నానో, వద్దనీ వద్దనీ అలసిపోయి ఒప్పుకున్నానో నాకే తెలియడం లేదు.

తూటాలు తాతగారింట్లో, తుపాకీకి వేరుగా, తాళంలో ఉన్నాయి. రేపు తెల్లవారుజామున నాలుగున్నరకు వస్తారు. నారింజ రంగు కోటు కుర్చీకి తగిలించి ఉంది. పులిహోర కట్టనా అంటే, ఇంగువ వాసనకు జింకలు రావంది.

పెరుగన్నం కలిపాను, తాలింపు లేకుండా.