మిల్లుకి 50 ఏళ్లు: పండగ ఎవరి పేరున చేయాలి

మా మిల్లుకి ఈ అక్షయ తృతీయతో 50 ఏళ్లు నిండుతాయి. 1976లో పెద్దబాబుగారు మండపేట పక్కన కాలవగట్టున రెండు హల్లర్లు, అంటే వడ్లు ఆడే మిషన్లు, పెట్టి మొదలెట్టారు. ఇప్పుడది ఉప్పుడు బియ్యం మిల్లు. బాయిలరు, డ్రయ్యర్లు, రంగు మారిన గింజల్ని ఏరే సార్టెక్స్ మిషను, అన్నీ ఉన్నాయి. నేను లెక్కలు చూస్తాను. నాకు ముందు మా నాన్న అదే గదిలో గుమస్తాగా చేశారు. అందుకేనేమో చిన్నబాబుగారు పండగ ఏర్పాట్లు నాకు అప్పజెప్పారు. "పాతవాళ్లంతా నీకు తెలుసు కదమ్మా" అన్నారు.

ఆయన మొదట అనుకున్నది రాజమండ్రిలో పెద్ద ఫంక్షన్ హాలు. మంత్రిగారి చేత జ్యోతి వెలిగించడం, యాంకరు, డ్రోన్ వీడియో, వచ్చినవాళ్లందరికీ మిల్లు గుర్తు వేసిన వెండి నాణెం. నేను ఒకటే అడిగాను. "బాబుగారూ, రాజమండ్రి హాలుకి మన హమాలీలు వస్తారా? వచ్చినా ఎక్కడ కూర్చుంటారు?" ఆయన కాసేపు ఆలోచించి, "అయితే ఎలా చేద్దామో నువ్వే రాసుకురా" అన్నారు. అప్పట్నించీ ఇదే పని. మీలో ఎవరైనా మీ కంపెనీకో, సొసైటీకో, షాపుకో ఇలాంటి పండగ తలపెడితే పనికొస్తుందని, ఇంతవరకూ తేలినవి ఇక్కడ రాస్తున్నాను.

ముందు తారీఖు. మిల్లు మొదలైంది అక్షయ తృతీయ నాడు కాబట్టి పండగ కూడా ఆ రోజే అన్నది అందరి మాట. కానీ అప్పుడు డెల్టాలో దాళ్వా, అంటే రబీ వరి, కోతలు. కాలవలు కట్టేసే రోజులు, అకాల వర్షం భయం, మిల్లు గేటు ముందు ధాన్యం ట్రాక్టర్ల వరస. హమాలీలకి అన్నం తినే తీరిక కూడా ఉండదు. అలాంటి రోజున వాళ్లని కూర్చోబెట్టి ఉపన్యాసాలు వినిపించడం నాకు నచ్చలేదు. అందుకని ఆ పొద్దున్న బాయిలరు దగ్గర కొబ్బరికాయ కొట్టి ప్రసాదం పంచుతాం, అంతే. అసలు పండగ దసరాల్లో.

దసరాకి సార్వా, అంటే ఖరీఫ్ వరి, ఇంకా చేలోనే ఉంటుంది, మిల్లు ఆగి ఉంటుంది. బాయిలరు గొట్టాలు శుభ్రం చేసేదీ, బెల్టులు మార్చేదీ అప్పుడే. ఆయుధపూజకి ఎలాగూ హమాలీలంతా తమ కొక్కేలు తెచ్చి అమ్మవారి ముందు పెడతారు, బోనసు, బట్టలు పుచ్చుకుంటారు. రైతులకీ కాస్త ఊపిరాడే కాలం. అన్నిటికంటే ముఖ్యం, గోడౌను ఖాళీ. అక్టోబరులో వాన ఎప్పుడు కొడుతుందో చెప్పలేం, షామియానాల కంటే మన రేకుల కప్పే నయం. ఆరునెలలు బస్తాలు మోసిన చోటే విస్తరి వేసుకుని కూర్చుంటారు. హాలు అద్దె కూడా మిగులుతుంది. ఆ మిగిలిన డబ్బు మాట తర్వాత చెబుతాను.

ఇక ఎవరిని పిలవాలన్నది. ఎక్కువ కాలం పట్టింది దీనికే, ఇంకా పడుతోంది.

జీతాల రిజిస్టర్లు తీస్తే బాయిలరు మేస్త్రులు, ఫిట్టర్లు, డ్రైవర్లు, వాచ్‌మన్లు, అందరి పేర్లూ దొరికాయి. హమాలీల పేర్లు జట్టు మేస్త్రి పుస్తకాల్లో ఉన్నాయి. మరి ఆడవాళ్లు? నాన్న రాసిన చిట్టాల్లో ప్రతి దాళ్వాలోనూ ఒకటే వరస: "ఆరబోత ఆడకూలీలు, 22 మంది." మర్నాడు "18 మంది." పక్కన మొత్తం డబ్బు, కింద మేస్త్రి వేలిముద్ర. పేరు ఒక్కటీ లేదు. డబ్బు మేస్త్రి చేతికిచ్చేవారు, ఆయన వాళ్లకి పంచేవాడు. పేర్లు రాయాల్సిన అవసరం ఏ రోజూ రాలేదు.

వాళ్లేం చేశారో తెలియాలంటే ఉప్పుడు బియ్యం సంగతి కొంచెం చెప్పాలి. దాళ్వాలో మా వైపు బాగా వేసేది బొండాలు, అంటే ఎంటీయూ 3626 అనే వరి రకం. వేసవి ఎండకి పండిన గింజ లోపల సన్నగా పగులుతుంది. పచ్చిగా ఆడితే నూక విపరీతంగా వస్తుంది. అందుకని ధాన్యాన్ని తొట్లలో నానబెట్టి ఆవిరి పట్టిస్తాం. ఆ వేడికి గింజలో పిండి జిగురై పగుళ్లు అతుక్కుంటాయి. ఆ తర్వాత ఆరబెట్టాలి, అక్కడే ఉంది అసలు కష్టం. గబగబా ఆరితే గింజ మళ్లీ పగులుతుంది. ఆలస్యమైతే వాసన పట్టేస్తుంది. తేమ 14 శాతం దగ్గరికి దిగి అక్కడ ఆగాలి.

డ్రయ్యర్లు రాకముందు ఈ పని మొత్తం సిమెంటు గచ్చు మీద, ఆడవాళ్ల చేతుల మీద. చేతులనడం కూడా సరికాదు, పాదాల మీద. మే నెల ఎండలో, కాలే గచ్చు మీద పొగలు కక్కే ధాన్యాన్ని పరిచి, కాళ్లతో చాళ్లు తీసుకుంటూ ఈ చివర్నించి ఆ చివరికి తిరిగేవారు. సగం ఆరాక కుప్పచేసి, గోనెలు కప్పి, కాసేపు అలా ఉంచి మళ్లీ పరిచేవారు. లోపలి తేమ పైకి రావాలని అలా చేస్తారు. తేమ కొలిచే మిషను మా మిల్లులో అప్పటికి లేదు. నాలుగు గింజలు పంటికింద పెట్టి కొరికి, "ఇంక ఎత్తెయ్యండి" అనేవారు. ఎత్తేసేవారు. మా బియ్యంలో నూక లేదని, వాసన లేదని కేరళ వర్తకులు ఏటేటా అడిగి తీసుకెళ్లారంటే అది ఆ అంచనా వల్లే. మగకూలీ కంటే వీళ్లకి తక్కువ ఇచ్చేవారు. ఎంత తక్కువో చిట్టాలోనే ఉంది. పండగకి వేసే పుస్తకంలో ఆ అంకెలు కూడా ఉండాలని చిన్నబాబుగారితో అన్నాను. ఒప్పుకున్నారు. ఆ విషయంలో ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

సాయంత్రాలు పేటలోకి వెళ్లి అరుగుల మీద కూర్చుని అడుగుతున్నాను. ఒకావిడ దొరికితే ఆవిడ ఇంకో నలుగురి పేర్లు చెబుతుంది. ఇద్దరు పోయారంటుంది, ఒకావిడ హైదరాబాదులో కూతురి దగ్గర ఉందంటుంది. "పాటలు పాడుకునేవోళ్లమమ్మా, లేపోతే ఆ ఎండలో కాళ్లు కదిలేయి కావు" అంది ఒక మామ్మ. "మీ నాన్నగారు మంచినీళ్ల కుండ నీడలో పెట్టించేవోరు" అని కూడా అంది. ఇంటికొచ్చి ఆ మాట అమ్మకి చెప్పాను. నాన్న ఉంటే బాగుండేదనిపించింది.

చిక్కేమిటంటే గచ్చు మీద వాళ్లు పేర్లతో పిలుచుకున్నది తక్కువ. ఆలమూరు కోడలు, అనపర్తి పిన్ని, కపిలేశ్వరపురం పిల్ల. ఆ పిల్లకి ఇప్పుడు మనవలున్నారు. ఎవరిని ఎలా పిలిచేవారో ముందు తెలుసుకుని, ఆ మనిషి ఇల్లు వెతికి, అసలు పేరు రాసుకోవాలి. పండగ తలపెట్టేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే: హాలు, వంట, స్టేజీ చూసుకునే ముందు పేర్ల పని మొదలెట్టండి. మనం అడగాల్సినవాళ్లు పెద్దవాళ్లయిపోతున్నారు.

భాగస్తుల్లో ఒకాయన అడ్డు చెప్పారు. రికార్డులో లేనివాళ్ల పేర్లు మనమే రాసిపెడితే రేపు ఏవైనా అడుగుతారేమోనని ఆయన భయం. అడిగితే కూర్చుని మాట్లాడదాం, ఆ భయంతో పేర్లు దాచకూడదు అన్నాను. ఆ మాట మీద గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి పెద్దబాబుగారి భార్య, మేమంతా అమ్మగారు అంటాం, "రాయమ్మా, అందరివీ రాయి" అన్నారు.

పుస్తకం సంగతి. ఇలాంటి వాటిలో మామూలుగా ఉండేవి శుభాకాంక్షల ఫొటోలు, యజమాని జీవితచరిత్ర. మేం పంటల వరసలో వేస్తున్నాం. 1982లో మారుటేరు పరిశోధన కేంద్రం నించి స్వర్ణ, అంటే ఎంటీయూ 7029 వచ్చాక సార్వా ధాన్యం రాక ఎలా మారిందో ఒక పేజీ. 1986 ఆగస్టు వరదకి ఏటిగట్లు తెగినప్పుడు లంకల నించి వచ్చినవాళ్లు ఇదే గోడౌనులో ఉన్నారు, వాళ్లకి వండిపెట్టిన హమాలీ ఒకాయన ఇంకా ఉన్నాడు, ఆయన చెప్పింది చెప్పినట్టు వేస్తాం. 1996 నవంబరు 6 తుపానుకి రేకులు లేచిపోయి, తడిసిన బస్తాల్లో ధాన్యం మొలకెత్తడం మొదలైతే కొంతైనా దక్కించింది మళ్లీ ఆరబోత ఆడవాళ్లే. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించిన ఏడాది, 2015లో లెవీ, అంటే మిల్లులు ప్రభుత్వానికి కొంత బియ్యం అమ్మి తీరాలన్న నిబంధన, ఎత్తేసిన ఏడాది, డ్రయ్యరు వచ్చి గచ్చు మీద పని ఆగిపోయిన ఏడాది. ఈ చివరి పేజీ రాయడం కష్టంగా ఉంది. మిల్లుకి అది మంచి రోజు. ఆడవాళ్లకి దాళ్వా కూలీ పోయిన రోజు. రెండూ రాస్తాను.

ఇప్పుడు డబ్బు మాట. కానుకగా ఏమివ్వాలో వాళ్లనే అడిగాను. నాణెం అన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఆడవాళ్లు కళ్లు అన్నారు. ఎండ, ఊకదుమ్ము, వయసు, చాలామందికి చూపు మసక. అందుకని పండగకి ముందే కంటి పరీక్షలు పెట్టిస్తున్నాం. శుక్లాలున్నవాళ్లకి ఆపరేషను, తీసుకెళ్లి తీసుకొచ్చే బండి, తోడు వచ్చే మనిషికి ఆ రోజు కూలీ, అన్నీ మిల్లు ఖర్చే. తోడు మనిషి కూలీ గురించి ముందు ఎవరికీ తట్టలేదు, ఒక కోడలు చెబితే తెలిసింది.

హమాలీలు అన్నది వేరు. లారీ బల్ల మీంచి బస్తాతో జారితే నెలల తరబడి ఇంట్లో పొయ్యి వెలగదు. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఉంది. ఏడాదికి 20 రూపాయలు, 18 నించి 70 ఏళ్ల వాళ్లకి, ప్రమాదంలో మనిషి పోతే ఇంటికి 2 లక్షలు. బ్యాంకు వాళ్లని మిల్లుకే పిలిపించి లేనివాళ్లందరినీ చేర్పిస్తాం. కానీ కాలు విరిగి మంచాన పడితే అందులో రాదు, కావలసింది దానికే. అందుకని దెబ్బ తగిలి పని మానిన రోజులకి కూలీ ఇచ్చే నిధి ఒకటి బ్యాంకులో వేయాలని, హాలుకి, నాణేలకి అనుకున్న సొమ్మంతా అందులోకి మళ్లించాలని రాసిచ్చాను. తీసేటప్పుడు జట్టు మేస్త్రి సంతకం కూడా ఉండాలని రాశాను. నిధికి ఒప్పుకున్నారు, సంతకం దగ్గర చర్చ నడుస్తోంది. నేను వదలను. తమ డబ్బు కోసం ఆఫీసు గది ముందు నిలబడాల్సి వస్తే దాన్ని కానుక అనలేం.

భోజనం తేలిగ్గానే తేలింది. దసరా మర్నాడు మధ్యాహ్నం, మొదటి బంతి హమాలీలు, ఆరబోత ఆడవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు. వడ్డన బాబుగారి కుటుంబం. పాత స్వర్ణ బియ్యం అన్నం, కోడికూర, గుత్తొంకాయ, పులిహోర, పూర్ణాలు, పక్కనే తాపేశ్వరం ఉంది కాబట్టి మడతకాజా. ఒక గుండిగలో మాత్రం బొండాల బియ్యం వండిస్తున్నాం. మా ఊళ్లో ఆ అన్నం ఎవరూ తినరు, లావు గింజ. ఏళ్ల తరబడి కాళ్లు కాలేలా ఆరబెట్టిన ఆడవాళ్లు దాని రుచి ఎరగరు. ఎప్పట్నించో మా దగ్గర కొంటున్న కేరళ వర్తకుణ్ణి ఇంటిల్లిపాదితో పిలిచాం. ఎలా వండాలో, దాంట్లోకి చేపల పులుసు ఎలా ఉండాలో వాళ్లే చూపిస్తామన్నారు. వాళ్ల కొట్లో మా బస్తాలు పేర్చి ఉన్న ఫొటోలు, కొనడానికి వచ్చినవాళ్ల ఫొటోలు కూడా తెమ్మని అడిగాను. తమ ధాన్యం ఏ ఊరు చేరిందో, ఎవరి కంచంలోకి వెళ్లిందో వీళ్లు చూడాలి. మంత్రిగారిని పిలవడం మానలేదు, కాకపోతే స్టేజీ లేదు. అందరితో పాటు బంతిలో కూర్చుంటారు.

పేర్లు గోడౌను ముందు గోడ మీద, 1976 శిలాఫలకం పక్కన రాయిస్తున్నాం. ఆ ఫలకం మీద ప్రారంభించిన పెద్దమనుషుల పేర్లున్నాయి. ఇవీ అదే సైజు అక్షరాల్లో ఉండాలని పెయింటరుకి చెప్పాను. ఎంత వెతికినా పేరు దొరకనివాళ్లని గచ్చు మీద ఎలా పిలిచేవారో అలాగే రాస్తాం, ఊరి పేరుతో, వరసతో. పెయింటరు వినాయక చవితి అయ్యాక వస్తానన్నాడు. మీ అమ్మమ్మో, నాయనమ్మో, మేనత్తో మండపేట వైపు మిల్లుల్లో ఆరబోత పని చేసి ఉంటే, ఏ మిల్లు, ఏ రోజులు అని ఒకసారి అడగండి. మా మిల్లే అయితే పేరు, తోటివాళ్లు ఆవిడని ఎలా పిలిచేవారో రాసి పంపండి. చవితి దాటాక వచ్చినా ఫరవాలేదు, గోడ కింద రెండు వరసల చోటు ఖాళీగా ఉంచమన్నాను.