నా చేతులు మాత్రమే కనిపించే ఛానెల్

"ముఖం చూపించకుండా యూట్యూబులో డబ్బులొస్తాయా అక్కా?" అని ఈ నెలలోనే నలుగురు అడిగారు. వస్తాయి. నాకు వస్తున్నాయి. ఎలా వస్తున్నాయో, దారిలో ఏం పోగొట్టుకున్నానో రాస్తే ఇంకొకరి డబ్బులు మిగులుతాయని రాస్తున్నాను.

నా పుట్టిల్లు పాతపట్నం, అత్తిల్లు ఒడిశాలోని పర్లాకిమిడి. రాష్ట్రం మారుతుంది గానీ ఆటోలో సర్దుకుని కూర్చునేలోపే ఊరు వచ్చేస్తుంది. ఇంట్లో తెలుగు, వీధిలో తెలుగూ ఒడియా రెండూ. నేను కెమెరా ముందు కనబడడం మావయ్యగారికి ఇష్టం ఉండదు, నాకూ సిగ్గే. అందుకే ముఖం లేని ఛానెల్ అనే మాట వినగానే ఇది నాకోసమే అనిపించింది.

ముందు ఒక ఆన్‌లైన్ కోర్సు కొన్నాను. చీటీ డబ్బుల్లోంచి 4,999 రూపాయలు. వాళ్ళు చెప్పింది ఒకటే: ఎక్కడెక్కడివో క్లిప్పులు తెచ్చి అతికించు, సాఫ్ట్‌వేర్ గొంతుతో చదివించు, రోజుకొకటి పెట్టు. మూడు నెలల్లో అరవైకి పైగా పెట్టాను. ప్రకటనల డబ్బు రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. దాంతో పాటు గడిచిన 12 నెలల్లో జనం 4,000 గంటలు చూసి ఉండాలి, లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ రావాలి. పిల్ల పడుకున్నాక ఎడిటింగ్ చేసి, నిద్ర మానుకుని, ఏడాదికి ఆ గీత దాటాను. అప్లై చేశాను. రిజెక్ట్ అయింది. కారణం రీయూజ్డ్ కంటెంట్, అంటే వేరేవాళ్ళది తెచ్చి మళ్ళీ వాడడం.

కాపీరైట్ ఫిర్యాదు ఒక్కటీ రాలేదు కదా అని ఏడ్చాను. అది వేరు, ఇది వేరు అని అప్పటికి నాకు తెలీదు. క్లిప్ సొంతదారు ఊరుకున్నా, అందులో నువ్వు కొత్తగా చేర్చింది ఏమీ లేకపోతే యూట్యూబ్ డబ్బివ్వదు. 2025 జూలై 15 నుంచి, ఒకే అచ్చులో పోసినట్టు గుట్టలుగా తయారుచేసే వీడియోల మీద ఉన్న పాత నిబంధనకి ఇనాథెంటిక్ కంటెంట్, అంటే సొంతతనం లేనిది, అని పేరు కూడా మార్చారు. కోర్సులు అమ్మేవాళ్ళు ఈ మాట చెప్పరు. నాకు చెప్పలేదు.

ఆ వీడియోలన్నీ తీసేశాను. కొన్నాళ్ళు ఫోన్ ముట్టుకోబుద్ధి కాలేదు.

ఒక రోజు మా తమ్ముడి పెళ్ళి కార్డు వచ్చింది. మా పాప చదివేది ఒడియా మీడియం. కార్డు మీద 'ఆహ్వానం' చివర సున్నా మీద వేలు పెట్టి, "అమ్మా, ఇది ఠ కదా?" అంది. ఒడియాలో ఠ అంటే అచ్చంగా ఒక గుండ్రటి సున్నాయే. దానికి తెలిసిన అక్షరం అదొక్కటే కనిపించింది ఆ కార్డు మొత్తంలో. మేనమామ పెళ్ళి కార్డు. అప్పటికప్పుడు పలక తీశాను.

మొదటి వీడియో అలా వచ్చింది. రెండు స్టీలు బిందెలు బోర్లించి, వాటి మీద అడ్డంగా పీట పెట్టి, పీట అంచున ఫోన్ పెడితే కెమెరా నేరుగా కింద పలక మీదికి చూస్తుంది. ఫ్యాన్ వేస్తే చప్పుడు, అందుకని ఆపేయాలి. మే నెలలో తీసిన ఒక వీడియోలో నా చెమట చుక్క పలక మీద పడి 'ఘ' సగం చెరిగిపోవడం కనిపిస్తుంది. తీసేయలేదు, తుడిచి మళ్ళీ రాశాను.

నేను గమనించింది ఏమిటంటే, మన పిల్లలకి వరుస నేర్పక్కర్లేదు. అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ ఒడియాలోనూ అదే వరుస. మారేది రూపు. వాళ్ళ అక్షరాల్లో చాలావాటికి తల మీద గొడుగులా వంపు ఉంటుంది, మన వాటికి తలకట్టు. గొడుగు తీసి తలకట్టు పెట్టడం అని చెప్తే పాపకి గబుక్కున ఎక్కింది. అసలు కష్టం ఇంకొక చోట ఉంది. ఒడియాలో పొట్టి ఎ, పొట్టి ఒ లేవు. మెడకీ మేడకీ, కొనకీ కోనకీ తేడా నోటితో పలుకుతారు గానీ రాసేటప్పుడు చెయ్యి ఆగిపోతుంది. ఆ ఒక్క వీడియో తియ్యడానికి నాలుగు రాత్రులు పట్టింది. ఇప్పటికీ ఎక్కువమంది చూసేది అదే.

గొంతు నాదే పెట్టాను, మా యాసలోనే. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి ఈ ఊరు అటు కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. జనం మాట్లాడే తెలుగు కోసం అంత పోరాడిన మనిషి తిరిగిన ఊళ్ళో కూర్చుని మెషీన్ గొంతుతో తెలుగు నేర్పడం నాకు మనసొప్పలేదు.

ఈ వీడియోలతో మళ్ళీ అప్లై చేస్తే ఈసారి ఒప్పుకున్నారు. డబ్బు సంగతికొస్తే, పెద్ద వీడియోల ప్రకటనల్లో 55 శాతం మనకిస్తారు, షార్ట్స్‌లో మన వాటాకి వచ్చినదాంట్లో 45 శాతం. అమెరికా పన్ను ఫారం తప్పకుండా నింపండి. నింపకపోతే మొత్తం సంపాదనలో 24 శాతం దాకా పట్టుకోవచ్చు. మన దేశం వాళ్ళు నింపితే అమెరికాలో చూసినవాళ్ళ వల్ల వచ్చిన భాగం మీదే 15 శాతం.

అక్షరాలు నేర్పేవాళ్ళకి ఇంకొక చిక్కు ఉంది. ప్రతి వీడియోకీ అది పిల్లల కోసమా కాదా చెప్పాలి. అమెరికాలో పిల్లల వివరాలు సేకరించారన్న కేసులో 2019లో గూగుల్, యూట్యూబ్‌లకి 17 కోట్ల డాలర్ల జరిమానా పడ్డాక, 2020 జనవరి నుంచి ఈ పద్ధతి వచ్చింది. పిల్లల కోసం అని పెడితే కామెంట్లు ఉండవు, చూసే మనిషిని బట్టి వేసే ప్రకటనలు ఉండవు, రాబడి బాగా పడిపోతుంది. "కాదు అని పెట్టేయ్, ఎవడు చూస్తాడు" అని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. పాప కోసం చేసిన పాటల వీడియోలకి నేను అలా పెట్టలేను. వాటికి నిజమే పెట్టాను, రాబడి సగానికి తగ్గింది.

ముఖం దాచుకోవడం చూసేవాళ్ళ దగ్గరే. ఖాతాలో పది డాలర్లు చేరగానే అడ్రస్ సరిచూడ్డానికి గూగుల్ పోస్టులో ఒక పిన్ పంపిస్తుంది. నాలుగు నెలల్లో అది ఎక్కించకపోతే ప్రకటనలు ఆపేస్తారు. మాకు ఐదు వారాలకి వచ్చింది. పోస్టుమేన్ "మా, ఇదేదో కంపెనీ కాగితం" అంటూ తెచ్చి మావయ్యగారి చేతిలోనే పెట్టాడు. వణుకుతూ అంతా చెప్పాను. ఆయన వీడియో పెట్టమని, చివరిదాకా చూసి, "గొంతు బాగుంది, కొంచెం నెమ్మదిగా చెప్పు" అన్నారు. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ కళ్ళు చెమరుస్తాయి.

వంద డాలర్లు దాటితేనే డబ్బు పంపుతారు. నాకు మొదటిసారి 106 డాలర్లు వచ్చాయి. ఈ డబ్బు దేనికొచ్చిందని బ్యాంకు వాళ్ళు రెండుసార్లు పిలిపించారు. అన్నీ పోగా ఎనిమిది వేల ఏడు వందల చిల్లర చేతికొచ్చింది. ఇప్పటికీ ప్రతి నెలా రాదు, రెండు నెలలకోసారి. పాప ట్యూషన్‌కి సరిపోతుంది.

కామెంట్లు చూస్తే ఒడిశాలోని బరంపురం, గుణుపురం, రాయగడ వాళ్ళే ఎక్కువ. పిల్లలు కాదు, పెద్దవాళ్ళు. "నలభై ఏళ్ళు తెలుగు మాట్లాడాను, మా అమ్మ ఉత్తరాలు ఇప్పుడు చదువుకుంటున్నాను" అని ఒకాయన రాశారు. ఆ ఉత్తరాల్లో ఏముందో అడగలేదు.

పోయిన ఆదివారం పీట సర్దుతుంటే అత్తయ్య వచ్చి పక్కన కూర్చున్నారు. చిన్నప్పుడు ఒడియా బడిలో మూడో తరగతి దాకా చదివారు, తెలుగు రాయడం రాదు. "నా చెయ్యి కూడా పడుతుందేటి ఇందులో?" అన్నారు. పడుతుందన్నాను. గాజులు వెనక్కి తోసుకుని బలపం పట్టుకున్నారు. పేరు రాయడానికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది. తలకట్టు ప్రతిసారీ గొడుగైపోతుంటే చేత్తో తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టారు. ఒక్క ముక్క కూడా కట్ చేయకుండా పెట్టాను. పిల్లల కోసమా అని అడిగిన చోట, కాదు అని నొక్కాను.