స్టీరింగ్ ర్యాక్ టార్క్: మధ్యలో ఒక్కచోట చూసి వదిలేయొద్దు

స్టీరింగ్‌లో ప్లే (వదులు) ఉందని బండి వస్తే, ర్యాక్ (చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ) అడ్జస్టర్‌ను, అంటే ఆ కడ్డీని పినియన్‌కు నొక్కి ఉంచే మరను, కాస్త బిగించి పంపేయడం చాలా షెడ్లలో అలవాటు. ఇది ప్రమాదకరం. బండి ఎక్కువసేపు తిన్నగానే నడుస్తుంది కాబట్టి ర్యాక్ పళ్లు ముందు మధ్యలోనే అరుగుతాయి. అక్కడ ప్లే పోయేదాకా బిగిస్తే, అరగని చివర్లలో పినియన్ (స్టీరింగ్‌తో తిరిగి ర్యాక్‌ను నడిపే చిన్న పళ్ల చక్రం) పట్టేస్తుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది వెనక్కి రాదు.

ర్యాక్ విప్పి పినియన్ తిరిగే టార్క్ (తిప్పడానికి పట్టే బలం) కొలవడమే సరైన దారి. విప్పే ముందు చక్రాలు తిన్నగా పెట్టి స్టీరింగ్ వీల్‌ను కదలకుండా కట్టేయండి. కాలమ్ (వీల్ నుంచి ర్యాక్‌కు వెళ్లే కడ్డీ) ఊడాక వీల్ గిర్రున తిరిగితే ఎయిర్‌బ్యాగ్ క్లాక్ స్ప్రింగ్ (వీల్‌లోని ఎయిర్‌బ్యాగ్‌కు కరెంటు అందించే చుట్ట తీగ) తెగిపోతుంది.

వైస్‌లో ర్యాక్‌ను మౌంటింగ్ దగ్గరే, మెత్తటి దవడలతో పట్టించాలి. గొట్టం మీద నొక్కితే అది వంగి రీడింగే తప్పుతుంది. టార్క్ రెంచ్ ముల్లు ఉన్న చిన్నది కావాలి. టక్కుమని శబ్దం చేసే రకం ఇక్కడ పనికిరాదు, తిరుగుతున్నంతసేపూ ఎంత పడుతోందో అది చూపదు.

ఈ చివరి నుంచి ఆ చివరిదాకా రెండు మూడుసార్లు తిప్పి గ్రీజు సర్దుకోనివ్వండి. తర్వాత ఆగకుండా, నెమ్మదిగా తిప్పుతూ ముల్లు చూడండి. కదలడం మొదలైనప్పుడు వచ్చే ఎక్కువ అంకెను లెక్కలోకి తీసుకోవద్దు. పవర్ స్టీరింగ్ లేని చిన్న ర్యాక్‌లలో సాధారణంగా 1 న్యూటన్ మీటర్ అటూఇటుగా ఉంటుంది, అంటే 10 సెంటీమీటర్ల చేతికి సుమారు కేజీ లాగుడు. హైడ్రాలిక్ (ఆయిల్ ఒత్తిడితో నడిచే పవర్ స్టీరింగ్) ర్యాక్‌లో సీళ్ల రాపిడి కూడా కలుస్తుంది. ఏదైనా సరే, మీ మోడల్ మాన్యువల్‌లో ఉన్న అంకే ప్రమాణం.

అంతటా ఒకేలా తక్కువగా ఉంటే అడ్జస్టర్ కొద్దికొద్దిగా బిగించండి. అంతటా ఎక్కువైతే వదులు చేయండి. ఒక్కచోటే ముల్లు ఎగిరితే అడ్జస్టర్ జోలికి వెళ్లొద్దు: ర్యాక్ వంగి ఉండొచ్చు, లేదా బూటు (ర్యాక్ చివర ఉండే రబ్బరు తొడుగు) చిరిగి నీళ్లు దిగి తుప్పు పట్టి ఉండొచ్చు. అలాంటి ర్యాక్ మార్చాల్సిందే. మధ్యలో వదులు, చివర్లలో బిగువు ఉన్నా అంతే.

లాక్‌నట్ (అడ్జస్టర్ కదలకుండా పట్టే నట్) బిగించేటప్పుడు అడ్జస్టర్ కూడా దాంతోపాటు కొంచెం తిరుగుతుంది. దాన్ని ఒక చేత్తో పట్టుకుని నట్ బిగించి, మళ్లీ చివరి నుంచి చివరిదాకా కొలిచాకే ర్యాక్ బండికి ఎక్కించండి.