బ్రిటన్‌లో బుల్లి రైలింజనుకి రాగి బాయిలర్: మంట వెలిగించే ముందు, వెలిగించాక

లేతు పని చేతిలో ఉండి బ్రిటన్‌కి ఉద్యోగానికి వచ్చినవాళ్లకి ఇక్కడి మోడల్ ఇంజనీరింగ్ క్లబ్బులు, అంటే ఆవిరితో నడిచే బుల్లి రైలింజన్లు చేసేవాళ్ల సంఘాలు, శని ఆదివారాల వర్క్‌షాపులు. లండన్‌లోని అలాంటి సంఘం, సొసైటీ ఆఫ్ మోడల్ అండ్ ఎక్స్‌పెరిమెంటల్ ఇంజనీర్స్, 1898 నుంచీ నడుస్తోంది. చక్రాలు, సిలిండర్లు, వాల్వ్ గేరు మనవాళ్లకి పెద్ద కష్టం కాదు. చాలామంది ఆగిపోయేది బాయిలర్ దగ్గరే. అందులో సగం భయం రాగి అతుకులు పెట్టే మంట గురించి. కానీ బాయిలర్ చెడేది ఎక్కువగా మంట పెట్టకముందు చేసిన పనుల్లోనే.

అన్నిటికంటే ముందు క్లబ్బు బాయిలర్ ఇన్‌స్పెక్టర్‌ని కలవాలి. ఆయన ప్రభుత్వ అధికారి కాడు, మనలాంటి సభ్యుడే. కానీ ఆయన సంతకం లేనిదే సర్టిఫికెట్ లేదు, సర్టిఫికెట్ లేనిదే ఇన్సూరెన్సు లేదు, అది లేకుండా క్లబ్బు ట్రాకు మీద ఆవిరి లేపనివ్వరు. రాగి కొనకముందే డ్రాయింగు చూపించండి. ఫైర్‌బాక్స్, అంటే నిప్పు ఉండే పెట్టె, బయటి షెల్లులోకి వెళ్లకముందు ఒకసారి, వెనక ప్లేటు మూసేముందు ఇంకోసారి చూపించండి. మూసేశాక లోపలి అతుకుల్ని ఎవరూ చూడలేరు. ఇక్కడ ఎవర్నీ సార్ అనక్కర్లేదు, పేరు పెట్టి పిలిస్తే చాలు. ఒక్కటి మాత్రం తెలిసి ఉండాలి: ఆయన నింపాదిగా "నేనైతే అలా చేయనేమో" అన్నాడంటే గట్టిగా వద్దన్నట్టే లెక్క.

మిల్లీమీటర్లలో చదువుకున్నవాళ్లకి పాత డ్రాయింగులు చిక్కుపెడతాయి. రాగి రేకు మందం గేజీ నంబర్లలో ఉంటుంది: 10 గేజీ అంటే 3.25 మి.మీ., 13 అంటే 2.34, 16 అంటే 1.63. నంబరు పెరిగేకొద్దీ రేకు పలచన. మరల దగ్గర ఇంకా జాగ్రత్త. బీఏ అనే పాత బ్రిటిష్ కొలతలో 0 బీఏ స్క్రూ 6 మి.మీ., పిచ్ (మర చుట్ల మధ్య దూరం) 1 మి.మీ., అచ్చం మెట్రిక్ ఎం6 లాగే. మర కోణం మాత్రం 47.5 డిగ్రీలు, ఎం6ది 60. రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది, ఇంకా తిప్పితే మర పోతుంది. బాయిలర్ ఫిట్టింగుల మీద ఇలాంటి పని చేయకూడదు.

రాగిలో రకం చూసి కొనాలి. కావలసింది సీ106, అంటే ఫాస్ఫరస్‌తో ఆక్సిజన్ తీసేసిన రాగి. స్క్రాపులో కరెంటు బస్‌బార్ ముక్కలు చవగ్గా దొరుకుతాయి, అవి సాధారణంగా సీ101. అందులో మిగిలిన ఆక్సిజన్‌తో మంటలోని హైడ్రోజన్ కలిసి లోహం లోపలే ఆవిరి పుడుతుంది, రేణువుల మధ్య పగుళ్లు వస్తాయి. పైకి ఏమీ కనిపించదు, ప్రెషర్ ఎక్కించాకే బయటపడుతుంది. బిల్లు మీద గ్రేడు రాయించుకుని దాచండి, ఇన్‌స్పెక్టర్ అడుగుతాడు.

ప్లేట్లకి అంచు మడవడానికి ఫార్మర్, అంటే ప్లేటుని ఆనించి కొట్టే అచ్చు, కావాలి. గట్టి చెక్కయినా ఫర్వాలేదు, అల్యూమినియం అయితే మేలు. బాయిలర్ గొట్టం లోపలి వ్యాసం 100 మి.మీ., ప్లేటు 3 మి.మీ. అనుకుందాం. ఫార్మర్ 93.8 మి.మీ. ఉండాలి. ప్లేటు మడిచాక 99.8 అవుతుంది, చుట్టూ 0.1 మి.మీ. సందు మిగులుతుంది. రాగి ముక్కల్ని అతికే వెండి కలిసిన లోహం, సిల్వర్ సోల్డర్‌కి కావలసింది అదే, 0.05 నుంచి 0.15 దాకా. ఇంకా బిగుతైతే సోల్డర్ లోపలికి దిగదు, వదులైతే నిలవదు. ప్లేటు ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది. రాగికి స్టీలులాగా నెమ్మదిగా చల్లార్చే పని లేదు. నైలాన్ సుత్తితో ఒకే చోట కొట్టకుండా చుట్టూ తిరుగుతూ కొద్దికొద్దిగా వంచండి. దెబ్బ చప్పుడు మొద్దుగా ఉన్నంతసేపు సరే. గణగణమని, సుత్తి ఎగిరి వస్తోందంటే రాగి గట్టిపడింది, మళ్లీ కాల్చాలి. ఒక్కో ప్లేటుకి నాలుగైదుసార్లు కాల్చడం మామూలే. బద్ధకించి అలాగే కొడితే అంచు చీలుతుంది, ఆ ప్లేటు పారేయడమే.

స్టేలు, అంటే చదును ప్లేట్లు ఉబ్బకుండా పట్టి ఉంచే కడ్డీలు, తగ్గించి పని తేలిక చేసుకుందామనే వాళ్లకి ఒక లెక్క. పని ప్రెషర్ 5.5 బార్, అంటే 80 పీఎస్ఐ. 120 బై 100 మి.మీ. చదును ప్లేటు మీద పడే బలం 6,600 న్యూటన్లు, సుమారు 670 కిలోల బరువు. మొదటి పరీక్షలో దానికి రెట్టింపు. గుండ్రటి గొట్టం ఇంత బలాన్ని సునాయాసంగా మోస్తుంది, చదును ప్లేటు స్టేలు లేకపోతే ఉబ్బుతుంది. ఫిట్టింగులు బిగించడానికి ప్లేట్లలో అతికే మర బుష్‌లకి గన్‌మెటల్ గానీ ఫాస్ఫర్ బ్రాంజ్ గానీ (రెండూ కంచు రకాలే) వాడండి, ఇత్తడి వద్దు. వేడి నీళ్లలో ఇత్తడిలోని జింకు కరిగిపోయి మర పిండైపోతుంది.

సోల్డర్ 55 శాతం వెండిది, కాడ్మియం లేనిది తీసుకోండి. 630 నుంచి 660 డిగ్రీల మధ్య కరిగి నీళ్లలా పారుతుంది. పాత సామాన్ల అమ్మకాల్లో దొరికే పాతకాలపు కడ్డీల్లో కాడ్మియం ఉండొచ్చు. దాని పొగ ఊపిరితిత్తులకి విషం, చవకని తెచ్చుకోవద్దు. మన కంసాలులు వాడే వెలిగారం ఇక్కడ పనికిరాదు. అది కరగడానికే 740 డిగ్రీలు దాటాలి, అప్పటికి సోల్డర్ ఎప్పుడో కరిగి, శుభ్రం కాని రాగి మీద ఉండలు కట్టి కూర్చుంటుంది. సిల్వర్ సోల్డర్ కోసం అమ్మే ఫ్లోరైడ్ ఫ్లక్స్ (వేడిలో రాగిని శుభ్రంగా ఉంచే మందు) పొడిని నీళ్లతో, ఒక చుక్క గిన్నెలు తోమే ద్రవంతో దోసెపిండి జారుగా కలపండి. ముక్కలు జోడించే ముందే రెండు వైపులా పూయాలి. జోడించాక పైన పూసింది సందులోకి సరిగా వెళ్లదు. ముక్కలు కదలకుండా రాగి రివెట్లు గానీ బ్రాంజ్ స్క్రూలు గానీ వేయండి. రెండో అతుకు పెట్టేటప్పుడు మొదటిది మళ్లీ కరిగినా, దాని మీద కూడా ఫ్లక్స్ పూసి ఉంటే సోల్డర్ సందులోంచి కదలదు.

ఇక మంట. 4 కిలోల రాగిని 650 డిగ్రీలు వేడెక్కించడానికి కావలసిన వేడి ఒక్క మెగాజౌలే. 26 కిలోవాట్ల ప్రొపేన్ బర్నర్ దాన్ని 40 సెకన్లలో ఇవ్వగలదు. అయినా నిమిషాలకి నిమిషాలు పడుతోందంటే వేడంతా గాలిలోకి పోతోందన్నమాట. కాబట్టి పెద్ద బర్నర్ కొనేముందు చుట్టూ తేలికపాటి ఇన్సులేటింగ్ ఇటుకలు పేర్చి గూడు కట్టండి. ఇంటి గోడ ఇటుక వాడొద్దు. అది వేడి తాగేస్తుంది, తడిగా ఉంటే పగిలి ఎగురుతుంది. ఆ బర్నర్ గంటకి 2 కిలోల గ్యాసు కాలుస్తుంది. చిన్న 3.9 కిలోల సిలిండర్ అంత వేగంగా ఇవ్వలేదు, మంచు పట్టి సరిగ్గా అతుకు మధ్యలో ప్రెషర్ పడిపోతుంది. 13 గానీ 19 కిలోల ఎర్ర సిలిండర్ తీసుకోండి. నీలం సిలిండర్‌లో ఉండేది బ్యూటేన్, ఇక్కడి చలికాలంలో సున్నా డిగ్రీల దగ్గర అది ఆవిరే కాదు. అద్దె ఇంట్లో గ్యారేజీ ఉన్నా సిలిండర్ బయటే ఉంచండి. ప్రొపేన్ గాలి కంటే బరువు, కారితే నేల మీద పేరుకుంటుంది.

ఎండలో ఈ పని వద్దు, మసక ఎరుపు కంటికి కనబడదు. నీడలో, సాయంత్రం మేలు. ముందు మొత్తాన్ని వేడి చేసి, తర్వాత మందమైన ముక్క మీద మంట నిలపండి. ఫ్లక్స్ తెల్లగా పొంగి, అణిగి, నీళ్లలా మెరిసినప్పుడు కడ్డీని అతుక్కి తాకించండి. కడ్డీని కరిగించాల్సింది రాగి, మంట కాదు. సోల్డర్ ఎటు వేడి ఎక్కువుంటే అటు పారుతుంది. రెండో వైపు కూడా సన్నటి వెండి గీత కనిపించిందంటే సందంతా నిండినట్టు. నిప్పు పొగ వెళ్లే ట్యూబుల గుంపులో కడ్డీ దూర్చలేం కాబట్టి ఒక్కో ట్యూబుకి సోల్డర్ తీగ రింగు చుట్టి ముందే పెట్టండి. మంట ఆ ట్యూబులు దూరే ట్యూబ్‌ప్లేటు మీద ఉండాలి, పలచటి ట్యూబు కొసల మీద కాదు. ఫ్లక్స్ నల్లబడిందంటే దాని పని అయిపోయింది. ఇంకా సోల్డర్ పోస్తూ కూర్చోకండి, ఆపేసి చల్లార్చి శుభ్రం చేసి మళ్లీ మొదలుపెట్టండి. బుష్ కన్నాలు తెరిచే ఉంచాలి, బాయిలర్ లోపల మూసుకుపోయిన గాలి వేడెక్కితే పేలుతుంది.

శుభ్రానికి సల్ఫ్యూరిక్ యాసిడ్ వెతుక్కోకండి. 15 శాతం దాటినది లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకోవడం ఇక్కడ నేరం. సిట్రిక్ యాసిడ్ లీటరుకి 100 గ్రాములు ప్లాస్టిక్ తొట్టిలో కలిపి, బాయిలర్ పూర్తిగా చల్లారాక కొన్ని గంటలు ముంచితే చాలు. ఇనప పటకారు ముంచొద్దు.

మొదటి నీటి పరీక్ష పని ప్రెషర్‌కి రెట్టింపు, అంటే 11 బార్. తర్వాతి పరీక్షలు ఒకటిన్నర రెట్లు. లోపల గాలి బుడగ లేకుండా నీళ్లు నింపాలి. నీళ్లు నలగవు కాబట్టి అతుకు విడిపోయినా ఒక్క చిమ్ముతో ఆగుతుంది, గాలైతే బాంబే. ఎవరు సలహా ఇచ్చినా కంప్రెసర్ తగిలించొద్దు. ప్రెషర్ కొద్దికొద్దిగా పెంచుతూ చదును ప్లేట్ల మీద స్కేలు ఆనించి ఉబ్బు చూడండి. ప్రెషర్ చూపే ముల్లు దిగిపోతుంటే ముందు పంపు వాల్వునే అనుమానించండి, ఎక్కువసార్లు దొంగ అక్కడే ఉంటుంది. ఆవిరి పరీక్షలో నిప్పు రాజేసి, బ్లోయర్ (నిప్పుకి గాలి లాగే ఆవిరి చిమ్ము) పూర్తిగా తిప్పినా సేఫ్టీ వాల్వు ప్రెషర్‌ని పది శాతానికి మించి పెరగనివ్వకూడదు. 80 పీఎస్ఐకి సెట్ చేస్తే 88 దాటకూడదు. నీళ్లు పంపడానికి విడివిడిగా రెండు దారులు పనిచేస్తున్నాయో లేదో కూడా అప్పుడే చూస్తారు.

బాయిలర్ మీద నంబరు పంచ్ చేసి ఉండాలి, సర్టిఫికెట్ మీదా అదే నంబరు ఉండాలి. ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్లాల్సి వస్తే ఆ కాగితాలన్నీ ఇంజనుతోపాటే పట్టుకెళ్లండి. కొత్త క్లబ్బులో మొదట అడిగేది వాటినే.