కేజీఎఫ్: దిబ్బలు వదిలి రైలెక్కాం

మాది కుప్పం. మా చిన్నతాత కర్ణాటకలోని కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) బంగారు గనిలో పనిచేశాడని ఇంట్లో చెప్పుకునేవారు. ఆ ఊరు తెలిసిందే అయినా కెమెరాతో వెళ్ళడం మాత్రం ఇదే మొదటిసారి. ఇద్దరం, ఒక కెమెరా, అద్దెకు తెచ్చిన మైకు.

మొదటి రోజంతా సైనైడ్ దిబ్బల మీదే గడిచింది. సైనైడ్‌తో బంగారం తీశాక మిగిలిన రాతిపిండి ఏళ్ళ తరబడి పోసీ పోసీ గుట్టలైపోయింది. కెమెరా ఎటు తిప్పినా బొమ్మ బాగుంటుంది, అదే వచ్చిన చిక్కు! రాత్రి లాడ్జిలో వేసుకుని చూస్తే గాలి హోరు తప్ప ఏమీ లేదు. మైకుకి తొడుగు వేయడం మర్చిపోయింది నేనే. పైగా అంత ఫుటేజీలో ఒక్క మనిషీ లేడు.

మర్నాడు గని కార్మికుల లైన్ ఇళ్ళలో ఒక పెద్దాయన అరుగు మీద కూర్చోబెట్టాడు. తెలుగులో సగం తమిళం కలిపి మాట్లాడాడు. "దిబ్బలు తీసుకున్నారా? అందరూ అవే తీసుకుని పోతారు నాయనా."

ఆయన చాంపియన్ రీఫ్ గనిలో దిగినవాడు. అది మూడు కిలోమీటర్లు దాటిన లోతు. కింద రాయి మీద చెయ్యి పెట్టలేనంత వేడట. అన్నిటికన్నా 'ఏర్ బ్లాస్ట్' అంటేనే భయం. పై బరువుకి రాయి ఉన్నట్టుండి పేలిపోతుంది. ఇంట్లో గిన్నెలు కదిలితే చాలు, ఆడవాళ్ళు గనిలోకి దిగే షాఫ్ట్ దగ్గరికి పరుగెత్తేవాళ్ళట.

ఈ గనుల కోసం 1902లోనే కావేరి మీది శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి కరెంటు లాగారు. బెంగళూరు వీధిదీపాలు అప్పటికింకా వెలగలేదు. 2001 ఫిబ్రవరి 28న అన్నీ మూసేశారు. బంగారం పూర్తిగా అయిపోయి కాదు, తవ్వితే ఖర్చులు కూడా రాక.

"మరేం తీయాలి తాతా?"

"తెల్లారకముందే మారికుప్పం స్టేషన్‌కి పో."

వెళ్ళాం. ప్లాట్‌ఫారం నిండా జనం, చేతుల్లో క్యారియర్లు. అందరూ బెంగళూరుకి పనికి పోయేవాళ్ళే, మళ్ళీ రాత్రికే ఇల్లు. చాంపియన్, ఊర్గావ్, కోరమాండల్ అంటూ పాత గనుల పేర్లతోనే స్టేషన్లు. ఒక్కో చోట ఇంకొంతమంది ఎక్కుతున్నారు, ఎక్కగానే కళ్ళు మూసుకుంటున్నారు. మా కెమెరా లైటు ముఖాన పడి ఒకావిడ అంది, "ఆపు సామీ, మాకు నిద్రుండేది ఈ రెండు గంటలే."

ఆపేశాం. మైకు ఉంచుకోవచ్చా అని అడిగాను. ఉంచుకోమని కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఈసారి తొడుగు వేశాను.