పొద్దున ఎనిమిదింటి ఫోన్‌కి ఒక పాఠం

తూర్పు లండన్‌లో పెద్దవాళ్ళకి ఇంగ్లీషు నేర్పే సెంటర్‌లో నా ఉద్యోగం. ఈ చదువుని ఇక్కడ ఈసాల్ అంటారు. ఇందులో మొదటి మెట్లు ఎంట్రీ 1, 2, 3, ఆపైన లెవెల్ 1, 2. టర్మ్ మొదలయ్యే ముందు టీచర్లందరం కూర్చుని పాఠాలు తయారుచేసుకుంటాం, ఆ వర్క్‌షాప్ నడిపే పని నాది. నెల్లూరు యాసలో ఇంగ్లీషు మాట్లాడే నేను పుట్టుకతో ఇంగ్లీషు వచ్చినవాళ్ళకి వర్క్‌షాప్ పెట్టడమేంటని మా చెల్లెలు నవ్వుతుంది. ఆ గదిలో మాత్రం అది నాకు కలిసొస్తుంది. ఫోన్‌లో అవతలివాళ్ళు గబగబా మాట్లాడేస్తుంటే ఎంత టెన్షనో నాకు తెలుసు.

వర్క్‌షాప్ అనగానే ఎవరి ల్యాప్‌టాప్ వాళ్ళు తెరిచి పాత వర్క్‌షీట్లు వెతుకుతారు. మొదటి గంట వాటిని మూయించేస్తాను. 2001లో వచ్చిన ఈసాల్ కరిక్యులమ్‌లో ఏ లెవెల్‌కి ఏమేం రావాలో వివరంగా ఉంటుంది, సోమవారం పొద్దున క్లాసులో ఏం చెప్పాలో ఉండదు. అందుకని ఒక్కటే అడుగుతాను: పాఠం అయ్యాక ఈ మనిషి బయటికెళ్ళి ఏం చేయగలగాలి? ఎవరి జవాబు వాళ్ళు, పక్కవాళ్ళతో మాట్లాడకుండా కాగితం మీద రాయాలి. లేదంటే సీనియర్ ఒకరు నోరు విప్పగానే మిగతావాళ్ళు తలూపేస్తారు. ఈ జబ్బు మన ఆఫీసుల్లోనే అనుకునేదాన్ని. ఇక్కడా ఉంది, కాకపోతే కాస్త మర్యాదగా ఉంటుంది.

పోయిన సెప్టెంబరులో ఎంట్రీ 1 వాళ్ళ కోసం ఆరోగ్యం యూనిట్ తీసుకున్నాం. కాగితాలు గోడకి అంటించి చూస్తే ఎక్కువమంది శరీర భాగాల పేర్లే రాశారు. తల, భుజం, మోకాలు. పిల్లల్ని కని పెంచిన మనిషికి బొమ్మ చూపించి ఇదేమిటని అడగడం నాకు నచ్చదు. మోకాలు నొప్పి అయితే డాక్టరుకి వేలు పెట్టి చూపిస్తారు. ఫోన్‌లో ఎలా చూపిస్తారు?

ఈసారి ఇద్దరు పాత విద్యార్థుల్ని కూడా పిలిచాను. సుడాన్ నుంచి వచ్చిన ఒకావిడ, రెస్టారెంట్‌లో వంట చేసే బంగ్లాదేశ్ ఆయన. వాళ్ళు చెప్పడం మొదలుపెట్టాక గోడ మీద కాగితాలు చాలా వరకు తీసేయాల్సి వచ్చింది. జీపీ అంటే ఇక్కడ మామూలు జబ్బులకి ముందు చూపించుకునే డాక్టరు, ఆ క్లినిక్‌ని సర్జరీ అంటారు. చాలా జీపీ సర్జరీల్లో ఆ రోజు అపాయింట్‌మెంట్ కావాలంటే పొద్దున్నే ఎనిమిదింటికి ఫోన్ చేయాలి. క్యూలో వేచి ఉండాలి. రిసెప్షనిస్టు పుట్టినతేదీ, పోస్ట్‌కోడ్ అడిగాకే జబ్బు సంగతి. ఆవిడ పోస్ట్‌కోడ్ దగ్గరే ఆగిపోయేదట. అరబిక్‌లో ‘ప’ శబ్దం లేదు కాబట్టి ఆవిడ ‘పీ’ అంటే అవతల ‘బీ’ రాసుకునేవారు. వంటాయన సమస్య వేరు. రాత్రి రెండింటికి పడుకునే మనిషి ఎనిమిదింటికి లేచి ఏ భాషలోనూ మాట్లాడలేడు. అందరం నవ్వాం గానీ, ఆయన నవ్వలేదు.

జీపీ దగ్గర దుబాసీని ఉచితంగా అడగొచ్చు, ఆ వాక్యం పాఠంలో పెట్టండి అన్నాడాయన. ఒక టీచరు వెంటనే అడ్డం పడింది. ఇంగ్లీషు నేర్పే చోట దుబాసీని అడగడం నేర్పితే ఇక ఇంగ్లీషు దేనికి అని. చాలాసేపు వాదన జరిగింది. ఆమె మాటలో న్యాయం లేకపోలేదు. కానీ ఛాతీలో నొప్పి వచ్చిన రోజు వ్యాకరణం పరీక్ష రోజు కాదు కదా.

అప్పుడు మా జిల్లా సంగతి చెప్పాను. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రిబడి వాచకంలో సీతమ్మ కథ ఉండేది, తాగుడు వల్ల ఇల్లు ఎలా కూలుతుందో చెప్పే పాఠం. చదువుకోడానికి కూర్చున్న ఆడవాళ్ళు తమ ఇళ్ళ సంగతులే మాట్లాడుకున్నారు. దూబగుంట అనే ఊళ్ళో సారా అమ్మకాన్ని ఆపించారు. అది ఊళ్ళు దాటి పాకింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఓ అక్షరాల పుస్తకం ఇంతపని చేసిందా అని మావాళ్ళు ఆశ్చర్యపోయారు. పుస్తకం ఒక్కటే కాదు, పాఠం రాసినవాళ్ళకి చదివేవాళ్ళ గొడవ ఏమిటో తెలుసు అన్నాను.

చివరికి పాఠం ఇలా కుదిరింది. ముందు అక్షరాలు, అంకెలు ఫోన్‌లో పలకడం; ఒకరికొకరు వీపు తిప్పి కూర్చోవాలి, పెదవులు కనపడకూడదు. తర్వాత నొప్పి ఎక్కడ, ఎప్పట్నుంచి. కొంచెం మెల్లగా చెప్పండి, మళ్ళీ చెప్పండి, నాకు దుబాసీ కావాలి అన్న మూడు వాక్యాలు మాత్రం అందరికీ నోటికి రావాలి. పిల్లల్ని బడి నుంచి తెచ్చుకోడానికి తల్లులు మూడు కాకముందే వెళ్ళిపోతారు కాబట్టి అసలు పని మొదటి గంటలోనే అయిపోవాలి. అడ్డం పడిన టీచరే వీపు తిప్పి కూర్చోబెట్టే ఆలోచన ఇచ్చింది.

వచ్చే టర్మ్‌కి కౌన్సిల్ టాక్స్, అంటే ఇక్కడి ఇంటిపన్ను, ఉత్తరాలు తీసుకుంటున్నాం. పాత విద్యార్థుల్ని నలుగురిని పిలుద్దామని, మాకు ఇచ్చినట్టే వాళ్ళకీ గంటకింతని ఇవ్వాలని అడిగాను. ఇద్దరికైతే బడ్జెట్ ఉందన్నారు మేనేజరు.