రెండు రోజుల పని అనుకున్న మ్యాప్

రిపోర్టులో మ్యాప్ పెట్టడానికి ఎన్ని రోజులు పడుతుందని మా సేల్స్ హెడ్ అడిగితే "రెండు రోజులు మేడమ్" అని చెప్పేశాను. మీటింగ్‌లో అందరి ముందూ అన్న మాట కాబట్టి తర్వాత మింగడానికీ లేకపోయింది. చివరికి ఏడు వారాలు పట్టింది.

మా సేల్స్ టీమ్ ఫోన్‌లో చూసుకునే రిపోర్టు ఒకటుంది. రెండు బార్ చార్టులు, వాటి కింద పొడుగాటి టేబుల్. కస్టమర్ పేరు, ఏరియా, ఈ నెల ఆర్డర్లు, పోయిన నెల ఆర్డర్లు, చివరిసారి ఎవరు ఎప్పుడు వెళ్లారు, ఇవీ అందులో ఉండేవి. ఆఫీసులో కూర్చుని చూసేవాళ్లకు అది చాలు. ఫీల్డ్‌లో తిరిగేవాళ్లు అడిగేది వేరు: "ఇప్పుడు నేను ఇక్కడున్నాను. దగ్గర్లో మనవాళ్లు ఎవరున్నారు? వాళ్లలో ఆర్డర్లు తగ్గిందెవరికి?" ఈ ప్రశ్నకు టేబుల్ ఎంత కిందికి జరిపినా జవాబు దొరకదు. అందుకే మ్యాప్.

కోడ్ మటుకు నిజంగానే రెండు రోజుల్లో అయిపోయింది. వెబ్ పేజీలో మ్యాప్ చూపించే రెడీమేడ్ కోడ్, లీఫ్‌లెట్ లైబ్రరీ తీసుకున్నాను. 2011 నుంచీ ఉన్నది, చిన్నది, ఫోన్ బ్రౌజర్లలో ఇబ్బంది పెట్టదు. కింద పరుచుకునే మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (అందరూ కలిసి తయారుచేసే ఉచిత మ్యాప్) డేటాతో తయారైనది, డబ్బు కట్టి వాడుకునే ఒక టైల్ సర్వీసు నుంచి. టైల్స్ అంటే మ్యాప్‌ను గళ్లుగా కోసిన చిన్న బొమ్మలు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాళ్ల సొంత సర్వర్ల నుంచే ఉచితంగా టైల్స్ లాగొచ్చు కదా అని మా టీమ్‌లో ఒకరన్నారు. డేటా ఉచితమే, దాని పేరు మ్యాప్ మూల రాస్తే చాలు. కానీ ఆ సర్వర్లు విరాళాల మీద నడిచేవి, పెద్ద ఎత్తున వాడే యాప్‌ల బరువు వాటి మీద వేయొద్దని వాళ్ల నిబంధనల్లోనే ఉంది. పది టెస్ట్ పిన్‌లు పెట్టి చూపిస్తే అందరూ బాగుందన్నారు.

మూడో రోజు అసలు డేటా ఎక్కించాను. మ్యాప్ తెరవగానే ప్రపంచం మొత్తం కనిపించింది.

పిన్‌లన్నీ పట్టేలా జూమ్ దానంతట అదే సర్దుకోవాలని రాశాను. అది సర్దుకుంది కూడా. తప్పు పిన్‌లది. కొన్ని ఆఫ్రికా పక్కన సముద్రంలో, గినియా సింధుశాఖలో తేలుతున్నాయి. సున్నా అక్షాంశం, సున్నా రేఖాంశం కలిసే చోటు అది. అక్కడ నీళ్లు తప్ప నేల లేదు, అయినా మ్యాపుల పని చేసేవాళ్లు సరదాగా దానికి నల్ ఐలాండ్ అని పేరు పెట్టుకున్నారు. మా షీటులో లొకేషన్ ఖాళీగా ఉన్న కస్టమర్లందరికీ డేటాబేస్‌లోకి ఎక్కేటప్పుడు సున్నాలు పడ్డాయి, దాంతో వాళ్లంతా ఆ లేని దీవికి చేరారు. ఖాళీని ఖాళీగానే ఉంచి, "లొకేషన్ లేనివాళ్లు ఇంతమంది" అని మ్యాప్ కింద ఒక లైను చూపించాను. ఆ లైను వద్దని ఇద్దరు అన్నారు, చూడ్డానికి బాగోదట. నేను తీయలేదు. మ్యాప్ మీద లేని కస్టమర్ అసలు లేనట్టే అనిపిస్తాడు, అది ఇంకా ప్రమాదం.

తర్వాత మంచు సముద్రంలో కొన్ని. ఇక్కడ తప్పు పూర్తిగా నాదే. లొకేషన్లు దాచే జియోజేసన్ అనే రకం ఫైల్లో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత రాస్తారు. లీఫ్‌లెట్‌లో నేరుగా పిన్ పెట్టేటప్పుడు అక్షాంశం ముందు ఇవ్వాలి. ఫైల్లోంచి తీసి, తిప్పకుండా అలాగే ఇచ్చేశాను. అక్షాంశం 90 దాటదు కాబట్టి దాటినవాటిని పట్టేయొచ్చు, కానీ రెండు అంకెలూ 90 లోపే ఉంటే ఆ పరీక్ష పనికిరాదు. చివరికి మేం పనిచేసే ప్రాంతం చుట్టూ ఒక చతురస్రం గీసి, దాని బయట పడ్డ ప్రతి పాయింట్‌నూ పక్కన పెట్టించాను. ఈ ఒక్క చెకింగ్ మొదటి రోజే పెట్టి ఉంటే వారం మిగిలేది.

సముద్రంలో పడ్డ పిన్ వెంటనే కనిపిస్తుంది కాబట్టి సరిచేసుకుంటాం. నేల మీదే ఉండి తప్పు చోట ఉన్న పిన్‌తోనే అసలు టెన్షన్. ఒక బ్రాంచి వాళ్లు పంపిన షీటులో అంకెలన్నీ చక్కగానే ఉన్నాయి, చతురస్రం లోపలే ఉన్నాయి, కానీ పిన్‌లన్నీ పొలాల్లోనూ కొండల మీదా పడ్డాయి. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. ఆ షీటును అలా చూస్తూ ఉంటే మూడో రోజున ఒకటి తట్టింది: చుక్క తర్వాతి రెండంకెలు ఒక్క వరుసలో కూడా 59 దాటలేదు. అంటే వాళ్లు రాసింది దశాంశాలు కాదు, డిగ్రీలూ నిమిషాలూ. 45 డిగ్రీల 30 నిమిషాలను 45.30 అని రాశారు. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి అది 45.5 కావాలి. తేడా 0.2 డిగ్రీలే, చూడ్డానికి ఏమీ లేదనిపిస్తుంది. కానీ అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు. 0.2 అంటే 22 కిలోమీటర్లు! ఆ మ్యాప్ చూసుకుని బయల్దేరిన మనిషి సంగతి ఏమిటి?

ఇక అడ్రస్ తప్ప లొకేషన్ లేని కస్టమర్లు. మా లిస్టులో దాదాపు మూడో వంతు ఇలాంటివాళ్లే. అడ్రస్ ఇస్తే అక్షాంశ రేఖాంశాలు తిరిగిచ్చే సర్వీసులు ఉన్నాయి, ఆ పనిని జియోకోడింగ్ అంటారు. రాత్రికి నడిపించి పొద్దున్న చూస్తే అన్నిటికీ జవాబు వచ్చింది. నేను సంతోషించాను, అదే పొరపాటు. జియోకోడింగ్ సర్వీసు అడ్రస్‌ను పూర్తిగా పోల్చుకోలేకపోతే వీధి మధ్యనో ఊరి మధ్యనో ఉన్న పాయింట్‌ను ఇస్తుంది. ఇచ్చేటప్పుడు "ఇది కచ్చితమైన భవనం", "ఇది అంచనా మాత్రమే" అని పక్కన ఒక గుర్తు కూడా పంపుతుంది. నేను ఆ గుర్తును దాచుకోలేదు, అంకెలు మాత్రమే తీసుకున్నాను.

తర్వాతి రివ్యూలో మేడమ్ ఫోన్‌లో మ్యాప్ తెరిచారు. ఊరి నడిబొడ్డున 140 అని రాసి ఉన్న పెద్ద ఎర్రటి గుండ్రం, దగ్గరదగ్గరి పిన్‌లను కలిపి లెక్కతో చూపించేది. "మనం అక్కడ ఇంత గట్టిగా ఉన్నామని నాకు తెలియనే తెలియదు" అన్నారు. ఎంత జూమ్ చేసినా ఆ గుండ్రం విడిపోవడం లేదు, పిన్‌లన్నీ ఒకే పాయింట్ మీద ఉన్నాయి. అప్పుడు అర్థమైంది నాకు. "గట్టిగా ఉండటం కాదు మేడమ్, ఆ 140 మంది ఎక్కడున్నారో మనకు తెలియదు" అని చెప్పాల్సి వచ్చింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు కాసేపు.

మళ్లీ మొదటి నుంచీ నడిపించి, ఈసారి గుర్తుతో సహా దాచాను. కచ్చితమైనవాటికి నిండు రంగు పిన్, అంచనావాటికి లోపల ఖాళీగా ఉండే గుండ్రం. ఆ జవాబులను ఎన్నాళ్లు దాచుకోవచ్చన్న నిబంధన ఒక్కో సర్వీసుకు ఒక్కోలా ఉంటుంది, కొన్ని శాశ్వతంగా దాచుకోనివ్వవు. అది చదివాకే సర్వీసును ఎంచుకోవాలి. నేను ఎంచుకున్నాక చదివాను, మళ్లీ మార్చాను.

డేటా ఓ దారికొచ్చింది అనుకున్నాక ఫోన్ మొదలుపెట్టింది. కంప్యూటర్లో బంగారంలా నడిచిన మ్యాప్, యాప్‌లో తెరిస్తే బూడిదరంగు గళ్లు. టైల్ సర్వీసు మమ్మల్ని గుర్తుపట్టడానికి ఇచ్చిన కోడ్‌ను, అంటే కీని, దొంగలు వాడుకోకుండా మా వెబ్‌సైట్ చిరునామాకే పరిమితం చేశాను. యాప్ లోపల వెబ్ పేజీలు చూపించే వెబ్‌వ్యూ, మా పేజీని ఫోన్లోనే ఉన్న ఫైల్ నుంచి తెరుస్తోంది కాబట్టి దానికి వెబ్‌సైట్ చిరునామా అన్నదే లేదు. అవతలి సర్వర్‌కు మేం ఎవరో తెలియక తలుపు తీయలేదు. పేజీని మా సర్వర్ మీద, హెచ్‌టీటీపీఎస్ (సురక్షిత కనెక్షన్)తో పెట్టాక సరిపోయింది. హెచ్‌టీటీపీఎస్ ఎలాగూ తప్పదు, అది లేని పేజీకి బ్రౌజర్లు యూజర్ లొకేషన్ ఇవ్వడం ఎప్పుడో మానేశాయి.

అంతకన్నా పెద్ద తలనొప్పి వేలు. రిపోర్టును కిందికి జరపాలని వేలితో తోస్తే, ఆ వేలు మ్యాప్ మీద పడి రిపోర్టు బదులు మ్యాప్ కదిలేది. మ్యాప్ స్క్రీన్ మొత్తం నిండి ఉంటే ఇక అందులోంచి బయటపడటమే లేదు. ఒకాయన కింద ఉన్న టేబుల్ తీసేశామనుకుని ఫోన్ చేశాడు. రెండు వేళ్లతో మాత్రమే మ్యాప్ కదిలేలా మార్చాను. స్క్రోల్ సమస్య తీరింది, కానీ ఒక చేత్తో బ్యాగు, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకున్న మనిషికి రెండో వేలు ఎక్కడిది? చివరికి రిపోర్టులో కదలని చిన్న మ్యాప్ బొమ్మ పెట్టాను. నొక్కితే ఫుల్ స్క్రీన్ మ్యాప్ వస్తుంది, వెనక్కి నొక్కితే రిపోర్టు ఉన్న చోటికే వస్తుంది. ఈ పనంతటిలో నేను గర్వంగా చెప్పుకునే నిర్ణయం ఇదొక్కటే.

పిన్ నొక్కితే పైన వచ్చే చిన్న పెట్టె కూడా తీసేశాను. ఫోన్‌లో అది పక్క పిన్‌లను కప్పేస్తుంది, లేదా స్క్రీన్ అంచున సగం తెగుతుంది. దాని బదులు వివరాలు కింద కార్డులా వస్తాయి, బొటనవేలికి అందుతాయి. పిన్ బొమ్మ చిన్నదైనా, నొక్కే జాగా ఆండ్రాయిడ్ చెప్పే 48 డీపీ (స్క్రీన్ మీద సైజు కొలత) కన్నా తగ్గకుండా చూసుకున్నాను.

వేగం గురించి ఎక్కువ చెప్పను. నెమ్మదించింది పిన్‌ల వల్ల అనుకున్నాను, వాటిని గుంపులుగా చూపించే క్లస్టర్ ప్లగిన్‌తో అవి తేలికపడ్డాయి. అసలు బరువు ఏరియా సరిహద్దులది. నదీ తీరం మీది ప్రతి వంపూ ఆ ఫైల్లో ఉంది. ఫోన్ స్క్రీన్ మీద ఎవరికీ కనిపించని వంపులవి. మ్యాప్‌షేపర్ అనే టూల్‌తో గీతలను సులువు చేసి, అక్షాంశ రేఖాంశాల దశాంశాలను ఐదు స్థానాలకు కుదించాను. ఐదో స్థానం అంటే మీటరు పైచిలుకు, సేల్స్ రిపోర్టుకు అంతకు మించి అక్కర్లేదు.

రంగులూ సైజుల దగ్గర మాత్రం బాగా వాదన జరిగింది. ఆర్డర్లను బట్టి గుండ్రాల సైజు పెట్టమన్నారు. మొదట వ్యాసార్థాన్ని ఆర్డర్లతో గుణించాను. రెండింతలు ఆర్డర్లున్న ఏరియా నాలుగింతలు పెద్దగా కనిపించింది, ఎందుకంటే కంటికి కనిపించేది వైశాల్యం. వర్గమూలం తీసి సరిచేశాను. అది సరే, ఆ తర్వాత మ్యాప్ చూస్తే పెద్ద ఊళ్లలో పెద్ద గుండ్రాలు, చిన్న ఊళ్లలో చిన్నవి. ఇది తెలుసుకోవడానికి రిపోర్టెందుకు? జనం ఎక్కడ ఎక్కువో అక్కడ అమ్మకాలు ఎక్కువే. మొత్తం ఆర్డర్లు తీసేసి, పోయిన నెలతో పోలిస్తే ఎంత మార్పు వచ్చిందో రంగుగా పెట్టాను. అప్పటిదాకా ఎవరి కంటా పడని ఒక మూల ఊళ్లు వరుసగా నారింజరంగులో తేలాయి. ఎరుపు, ఆకుపచ్చ వద్దని, పెరిగినచోట నీలం, తగ్గినచోట నారింజ వాడాను. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియనివాళ్లు ప్రతి టీమ్‌లోనూ ఉండొచ్చు, వాళ్లు ఆ సంగతి మీటింగ్‌లో చెప్పరు.

"నా దగ్గర్లో" బటన్ చివర్లో పెట్టాను. రిపోర్టు తెరవగానే లొకేషన్ పర్మిషన్ అడిగితే చాలామంది ఆఫీసు తమ మీద నిఘా పెట్టిందనుకుని వద్దని నొక్కేశారు, ఒకసారి వద్దంటే మళ్లీ ఇప్పించడం గగనం. బటన్ నొక్కినప్పుడే అడిగేలా మార్చి, ఆ లొకేషన్ ఫోన్ దాటి బయటికి వెళ్లదని కింద రాశాను. నిజంగానే వెళ్లదు, దూరం లెక్క ఫోన్లోనే జరుగుతుంది. ఆ దూరం కాకి ఎగిరే దూరమే. నది అవతలి కస్టమర్ 2 కిలోమీటర్లని చూపిస్తే, వంతెన చుట్టి వెళ్లేసరికి పూట గడిచిందని ఒకావిడ గట్టిగానే అడిగింది. ఇప్పుడు దూరం పక్కన "నేరుగా" అని రాసి ఉంటుంది, అసలు దారి కోసం ఫోన్లోని మ్యాప్ యాప్‌కు పంపే బటన్ ఉంటుంది.

ఏడో వారం అందరికీ వదిలాం. మర్నాడు పొద్దున్నే ఫీల్డ్ నుంచి ఒకాయన ఫోన్: "మీ మ్యాప్ నన్ను ఖాళీ స్థలం ముందు నిలబెట్టింది. కస్టమర్ ఇక్కడి నుంచి మారిపోయి ఏడాదైందట. నేను కొత్త చోటు కనుక్కున్నాను, దీన్ని ఎక్కడ రాయాలి?" ఎక్కడా రాయడానికి లేదు. ఆ సాయంత్రం కార్డు మీద ఇంకో బటన్ పెట్టాను: "పిన్ తప్పు, నేనున్నది సరైన చోటు." లోపల ఖాళీగా ఉన్న ఆ 140 గుండ్రాల్లో మొదటి నెలలోనే సగానికి పైగా నిండు రంగుకు మారాయి. వాటిలో నేను మార్చింది ఒక్కటీ లేదు.